పాత వైన్ పక్కన ముద్దపప్పు

[వంటింటి గట్టు మీద ఒక సీసా, రెండు గ్లాసులు, పొగలు కక్కే ముద్దపప్పు గిన్నె]

నమస్కారమండి. గుంటూరు బ్రాడీపేటలో మా వంటింట్లోంచి మాట్లాడుతున్నాను. మొన్న ఒకరు అడిగారు: "చాలా ఏళ్ల నాటి రెడ్ వైన్ ఒకటి వచ్చింది, ఆదివారం గోంగూర మాంసంతో తాగొచ్చా?" వద్దండి. రెండూ విడివిడిగా గొప్పవే, కలిపితే ఆ వైన్ రుచి మీకు అసలు తెలియదు. ఎందుకో చెబుతాను. 21 ఏళ్లు నిండనివాళ్లు మాత్రం ఇక్కడే ఆపేయండి.

కొత్త రెడ్ వైన్ తాగితే నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది. ఆ వగరు ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, కొంత భాగం అడుగున మడ్డిగా దిగుతుంది. వగరు మెత్తబడుతుంది. ఊదా రంగు ఇటుక రంగులోకి తిరుగుతుంది. పండు వాసన వెనక్కి తగ్గి ఎండుటాకులు, పుట్టగొడుగులు, తోలు, పొగాకు వాసనలు వస్తాయి. పొగాకు బోర్డు ఉన్న ఊరు మనది. బాగా పదునుపెట్టిన ఆకు వాసన తెలిసినవాళ్లు కాబర్నె అనే ద్రాక్షతో చేసిన పాత రెడ్ వైన్ గ్లాసు దగ్గర ముక్కు పెట్టగానే గుర్తుపడతారు.

అయితే పాత బియ్యం బాగుంటుంది కదా అని ప్రతి వైన్‌నూ దాచకండి. చాలా వైన్లు ఒకటి రెండేళ్లలో తాగేయడానికే చేస్తారు. పైగా మన ఎండలు! ఒక వేసవిలో నేను మంచి సీసాని బీరువా మీద పెట్టి మర్చిపోయాను. జూన్‌లో చూస్తే బిరడా పైకి తోసుకొచ్చింది, వైన్‌కి ఉడికిన టమాటా రుచి వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ బాధే. సీసా ఏళ్ల తరబడి ఉండాలంటే 12–14 డిగ్రీల చల్లదనం కావాలి, మన ఇళ్లలో అది కుదరదు. అందుకని పాతబడ్డాకే అమ్మేవి కొనుక్కోండి. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు గ్రాన్ రిజర్వా రెడ్ కనీసం 5 ఏళ్లు నిలవ ఉన్నాకే బయటికి వస్తుంది. ఇటలీలో "బరోలో" అనే రెడ్ వైన్‌కైతే 38 నెలలు.

[సీసా మెడ వెనక ఫోన్ లైట్]

తెరిచే ముందు ఒక రోజంతా సీసాని నిలబెట్టి ఉంచండి, మడ్డి కిందికి దిగుతుంది. ఇలా వెనక లైటు పెట్టుకుని నెమ్మదిగా వంచండి. మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. బాగా పాతదైతే గాలికి ఎక్కువసేపు ఉంచకండి, వాసన ఎగిరిపోతుంది.

ఇక భోజనం. మిరపలోని క్యాప్సైసిన్, ఆల్కహాల్, ఈ రెండూ నోట్లో మంటను పట్టే ఒకే గ్రాహకాన్ని రెచ్చగొడతాయి. అందుకే కారం మీద వైన్ తాగితే మంట రెట్టింపైనట్టు ఉంటుంది. గోంగూర పులుపేమో వైన్‌ని చప్పబరుస్తుంది. నేనైతే ముద్దపప్పు, నెయ్యి, వేడన్నంతో మొదలుపెడతాను. నెయ్యి కమ్మదనం మిగిలిన కాస్త వగరునూ సర్దేస్తుంది, పాత వైన్ వాసనలన్నీ ఒక్కొక్కటిగా తెలుస్తాయి. తర్వాత పుట్టగొడుగుల వేపుడు, లేదంటే ఎండుమిర్చి లేకుండా కొద్దిగా మిరియాలు వేసి మెత్తగా ఉడికించిన వేటమాంసం. ఆవకాయ, గోంగూర ఎక్కడికీ పోవు, గ్లాసు ఖాళీ అయ్యాక వడ్డించుకోండి.

గోంగూరతోనే కావాలంటే రెడ్ మానేసి, జర్మనీ మోజెల్ లోయలో చేసే రీస్లింగ్ అనే వైట్ వైన్‌లో కాస్త తీపి ఉన్నది చూడండి. పులుపు గట్టిగా ఉంటుంది, ఆల్కహాల్ 8–9 శాతం దగ్గరే ఉండేవి దొరుకుతాయి.

[చిన్న గ్లాసులో తేనె రంగు వైన్, పక్కన బొబ్బట్టు]

చివరగా నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పోర్చుగల్ దీవి మదీరా వైన్. ఒకప్పుడు ఓడల్లో ఉష్ణమండలం దాటి వెళ్లిన పీపాలు ఎండకి కాగి, పాడవకపోగా ఇంకా రుచిగా మారాయి. ఇప్పుడు ఒక పద్ధతిలో దాన్ని 45–50 డిగ్రీల దగ్గర కనీసం 3 నెలలు కావాలనే వేడి చేస్తారు. అంటే మన మే నెల ఎండ దానికి కొత్త కాదు! మూత తీశాక కూడా నెలల తరబడి ఉంటుంది. మాల్మ్‌సీ అనే తీపి రకంలో మాడీమాడని చక్కెర, వేయించిన జీడిపప్పు రుచులుంటాయి. బెల్లం బొబ్బట్టు మీద నెయ్యి వేసుకుని ఒక ముక్క తిని, ఒక్క గుక్క తాగండి.