డ్రోన్ల దండు వస్తే నగరాన్ని ఎలా కాపాడతారు? విశాఖ మ్యాపు మీద ఒక లెక్క

నమస్కారం అండీ. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. గోపాల్‌పూర్ తీరంలో పేలుళ్లు వినిపించిన ప్రతిసారీ కామెంట్లలో "అక్కడ ఏం జరుగుతోంది సార్" అని అడుగుతున్నారు. అక్కడి మన తెలుగు జాలర్లకు ఇది కొత్తేమీ కాదు. ఫైరింగ్ ఉన్న రోజు ఆ వైపు వేటకు వెళ్లొద్దని ముందే చెబుతారు. ఆకాశం నుంచి వచ్చేవాటిని కూల్చే సైనికులకు తర్ఫీదు ఇచ్చే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ మన గోపాల్‌పూర్‌లోనే ఉంది. 2025 మే 13న భార్గవాస్త్ర అనే చిన్న రాకెట్ల వ్యవస్థను పరీక్షించిందీ అక్కడి సముద్రం వైపు రేంజిలోనే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇవాళ పెద్ద నగరం తీసుకుందాం. బోర్డు మీద విశాఖ మ్యాపు పెట్టాను. మనకి దగ్గర, పోర్టు ఉంది, నేవీ ఉంది, చుట్టూ కొండలున్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన ఊరు కూడా. ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ నేను గీసేవన్నీ పాఠం కోసం గీసిన గీతలే. నిజంగా ఏది ఎక్కడ పెట్టారో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన పని కూడా మనకు లేదు.

మొదటి పని కనిపెట్టడం. తమ్ముడూ, కెమెరా బోర్డు మీదికి తియ్. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కిందకు ఎగిరేది రాడారుకు ఆలస్యంగా కనబడుతుంది. ఎంత ఆలస్యమో మీరే లెక్క కట్టొచ్చు. రాడారు ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి. వచ్చే వస్తువు ఎత్తుకూ అలాగే కట్టండి. రెండూ కూడి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. రాడారు 25 మీటర్ల స్తంభం మీద ఉందనుకోండి, వర్గమూలం 5. పది వేల మీటర్ల ఎత్తులో వచ్చే విమానానికి 100. మొత్తం 105, గుణిస్తే సుమారు 430 కిలోమీటర్లు. అదే 25 మీటర్ల ఎత్తులో నీళ్లను రాసుకుంటూ వచ్చే డ్రోనుకు 5, 5 కలిపి 10. అంటే 41 కిలోమీటర్లే. చూశారా, 430 ఎక్కడ, 41 ఎక్కడ! పైగా ఇది అడ్డం ఏమీ లేనప్పటి లెక్క. అరకు వైపు నుంచి లోయలు పట్టుకుని వస్తే కొండ దాటేదాకా కనబడదు.

ఉక్రెయిన్ మీద రష్యా వదులుతున్న షాహెద్ రకం డ్రోన్లు, అంటే పేలుడు పదార్థం మోసుకొచ్చి గురి మీద పడి పేలిపోయేవి, గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. నిమిషానికి మూడు కిలోమీటర్లు. 41 కిలోమీటర్లకు పద్నాలుగు నిమిషాలు. బోలెడు టైముంది కదా అనిపిస్తుంది. కానీ కనుచూపులో ఉన్నంత మాత్రాన రాడారు పట్టేస్తుందని కాదు. చిన్న డ్రోను నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని పక్షి నుంచి వచ్చేదాని అంతే ఉంటుంది. నెమ్మదిగా కదిలే వాటిని పట్టించుకోకుండా ఉండేలా పాత రాడార్లను తయారు చేశారు, లేకపోతే తెర నిండా పిట్టలే. చలికాలంలో మన చిలికా మీద, రంభ వైపు, రాడారు తిప్పితే ఏం కనబడుతుందో ఊహించుకోండి. లక్షల పక్షుల్లో డ్రోను ఏదో తేల్చాలి.

అందుకే చెవులు కూడా కావాల్సి వచ్చాయి. ఉక్రెయిన్‌లో వేల సంఖ్యలో మైకులు స్తంభాలకు కట్టి దేశమంతా పరిచారు. షాహెద్ ఇంజిను మోపెడ్ లాగా చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ఏ స్తంభం నుంచి ఏ స్తంభానికి జరుగుతోందో చూసి దారి గీసేస్తారు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే. మైకు ఖరీదెంత, రాడారు ఖరీదెంత!

అన్ని కళ్లూ చెవులూ చెప్పింది ఒకే తెర మీదికి రావాలి. మన సైన్యానికి ఆ పని చేసేది ఆకాశ్‌తీర్, భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీ. అది లేకపోతే ఒకే డ్రోనును ముగ్గురు కొడతారు, పక్కది దర్జాగా దూరిపోతుంది.

ఇప్పుడు కొట్టడం. నగరం చుట్టూ దూరాన్ని బట్టి వలయాల్లా క్షిపణులు పెడతారు. ఆ బయటి వలయాల సంగతి గబగబా చెప్పేస్తాను, వీటి మీద వీడియోలు బోలెడున్నాయి. చాలా దూరానికి ఎస్-400. తర్వాత 70 కిలోమీటర్ల వరకు ఎంఆర్‌శామ్. 25 కిలోమీటర్ల దాకా మన హైదరాబాద్ భారత్ డైనమిక్స్‌లో తయారయ్యే ఆకాశ్. బాగా దగ్గరికొస్తే భుజం మీంచి పేల్చే ఇగ్లా, ఆపైన తుపాకులు.

అసలు గొడవ డబ్బు దగ్గర. షాహెద్ ఒక్కోటి 20,000 నుంచి 50,000 డాలర్లని అంచనా. దాన్ని పేట్రియాట్ క్షిపణితో కొడితే ఆ ఒక్క క్షిపణికే దాదాపు 40 లక్షల డాలర్లు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అచ్చంగా అదే. నాలుగు రోజులు అలా కొడితే అమ్ములపొది ఖాళీ, ఐదో రోజు అసలు క్షిపణి వస్తుంది. శత్రువుకు కావాల్సింది కూడా అదే.

2025 మేలో 8వ తేదీ రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యం చెప్పింది. అప్పుడు ఎక్కువ పని చేసింది ఎల్-70 అనే తుపాకీ. 1960ల్లో స్వీడన్ నుంచి వచ్చిన డిజైను, 40 మిల్లీమీటర్ల గొట్టం, నాలుగు కిలోమీటర్ల లోపు దెబ్బ. పాతదే, కాకపోతే దానికి కొత్త కెమెరా కళ్లు, గురి తప్పకుండా వెంబడించే యంత్రం బిగించారు. భార్గవాస్త్ర ఆలోచన కూడా ఇదే: చిన్న డ్రోన్లను 6 నుంచి 10 కిలోమీటర్ల దూరంలో పసిగట్టి, 2.5 కిలోమీటర్లలోపు చవక రాకెట్లను గుంపు మధ్యలో పేల్చడం. చవకదాన్ని చవకదానితోనే కొట్టాలి.

మరి జామర్లు పెట్టి సిగ్నల్ ఆపేస్తే పోలేదా అంటారు. కొంతవరకు పోతుంది. అయితే జీపీఎస్‌ను జామ్ చేస్తే పోర్టులోకి వచ్చే ఓడలకూ, దిగే విమానాలకూ ఇబ్బందే. సన్నని ఫైబర్ తీగ వెనకాల విప్పుకుంటూ ఎగిరే డ్రోన్లు ఇప్పుడు ఉక్రెయిన్ యుద్ధంలో ఉన్నాయి, సిగ్నల్ ఆ తీగలోనే పోతుంది కాబట్టి వాటికి జామర్ అంటే లెక్కే లేదు. ఇంకో చిక్కు: అన్నీ సరిహద్దు అవతలి నుంచే రావాలని లేదు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ వాళ్లు లారీల మీద చెక్క గదుల్లో డ్రోన్లు దాచి, రష్యా లోపలికి తీసుకెళ్లి, బాంబర్ విమానాల స్థావరాల పక్కనే వదిలారు. అక్కడ ఏ వలయమూ పనిచేయదు, లారీని ఆపి చూసే పోలీసే దిక్కు.

ఇక మ్యాపు చూడండి. విశాఖకు ఒక వైపు సముద్రం, ఒక వైపు జనం. డ్రోనును కూల్చడం సగం పనే, ఎక్కడ కూల్చామన్నది మిగతా సగం. సముద్రం మీద కూలిస్తే నీళ్లలో పడుతుంది. గాజువాక మీద కూలిస్తే పదుల కిలోల పేలుడు పదార్థం, ఇంధనం, మనం కాల్చిన గుండ్ల ముక్కలు అన్నీ ఇళ్ల మీదే. కీవ్‌లో కూల్చిన డ్రోన్ల శకలాలు పడి అపార్ట్‌మెంట్లు తగలబడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. ఎప్పుడు కొట్టాలా అని అధికారి ఒక్క క్షణం ఆగాడంటే దాని వెనక ఈ టెన్షన్ ఉంటుంది.

మన వంతు కూడా ఇక్కడే వస్తుంది. సైరన్ పైకీ కిందికీ ఊగుతూ మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో సాగితే ప్రమాదం తప్పినట్టు. 2025 మే 7న దేశంలో 244 సివిల్ డిఫెన్స్ జిల్లాలకు మాక్ డ్రిల్ పెట్టింది ఇలాంటివి అలవాటు చేయడానికే. ఫైలిన్ చూసినవాళ్లం, మనకు సైరన్ అంటే తుఫాను గుర్తొస్తుంది. అక్కడే తేడా కొడుతుంది. ఉప్పెన వస్తే మేడ ఎక్కుతాం. డ్రోన్లు వస్తే మేడ దిగాలి. పై అంతస్తు వదిలేసి, కిటికీ లేని లోపలి గదిలోకో, మెట్ల కిందికో వెళ్లాలి, మనకూ వీధికీ మధ్య కనీసం రెండు గోడలుండేలా.

లైట్లు ఆర్పమంటే ఆర్పండి. జీపీఎస్ పట్టుకుని వచ్చే డ్రోనుకు మీ బల్బుతో పని లేదు, నిజమే. కెమెరా చూస్తూ నడిపేదానికి మాత్రం ఉంది, వచ్చేది ఏదో మనకు తెలియదు కదా. ఫోను పట్టుకుని డాబా ఎక్కకండి. పైనుంచి ముక్కలు పడతాయన్నది ఒకటి, తుపాకీ ఏ వీధి వైపు నుంచి పేలిందో మీ వీడియో అవతలివాడికి చెప్పేస్తుందన్నది రెండోది.

తెల్లారాక పెరట్లోనో పొలంలోనో రెక్క ముక్క, గొట్టం, తీగలున్న డబ్బా ఏదైనా కనబడితే కాలితో కూడా కదపొద్దు. పేలనిది లోపల ఉండొచ్చు. పిల్లల్ని, పశువుల్ని దూరంగా పెట్టి 112కి ఫోన్ చేయండి. ఏ ఊరు, ఏ గుర్తు దగ్గర, ఎంత పొడవుందో చెప్పండి, పోలీసులు వచ్చేదాకా అటు ఎవరినీ పోనివ్వకండి.