పిస్టన్ మీద నల్ల పూత ఎలా వేస్తారు? ఎందుకు ఊడిపోతుంది?

నమస్కారం అండీ. ఈ పిస్టన్‌ని కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. పక్క భాగాన్ని స్కర్ట్ అంటాం. దాని మీద బూడిద రంగు కలిసిన నల్లటి పూత ఉంది. మధ్యలో పూత అరిగిపోయి లోపలి అల్యూమినియం మెరుస్తోంది. ఇప్పుడు ఈ అంచు చూడండి. ఇక్కడ అరగలేదు, పెచ్చులా లేచింది. గోరు పెడితే ఊడొస్తోంది. అరిగిందంటే పూత తన పని తాను చేసినట్టు. పెచ్చు లేచిందంటే మాత్రం వేసిన రోజే తేడా జరిగింది.

చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, పిస్టన్ కోటింగ్ స్ప్రే డబ్బాలు దొరుకుతున్నాయి కదా, మనమే కొట్టుకోవచ్చా?" అని. కొట్టుకోవచ్చు. కాకపోతే డబ్బా ఏ కంపెనీది అన్నదాని కంటే, కింద ఉన్న లోహాన్ని మీరు ఎలా తయారు చేశారు, అది ఎంత వేడి తట్టుకుంటుంది అన్నవే పూత నిలబడుతుందా లేదా తేలుస్తాయి. ఈ వీడియో అంతా దాని గురించే.

ముందు అసలు పూత ఎందుకో చెప్తాను. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. కానీ పిస్టన్ పైకి వెళ్లి ఒక్క క్షణం ఆగి కిందికి తిరిగేచోట ఆ పొర బాగా పలచబడుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడూ అంతే. అప్పుడు లోహం లోహాన్ని తాకుతుంది. సిగ్నల్ దగ్గర దానంతట అదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే ఈ కాలపు బండ్లకి ఆ క్షణాలు ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు ఆదుకోవడానికే ఈ పొడి పూత. ఇందులో గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్, కొన్నింట్లో టెఫ్లాన్ ఉంటాయి. వాటిని లోహానికి పట్టి ఉంచేది ఒక రెసిన్. ఫ్యాక్టరీలో దీన్ని ఎక్కువగా స్క్రీన్ ప్రింటింగ్‌తో వేస్తారు, టీషర్టుల మీద బొమ్మలు అచ్చు వేసే పద్ధతే. అందుకే కొత్త పిస్టన్ మీద పూత అంచులు అంత నీట్‌గా గీత గీసినట్టు ఉంటాయి.

చేత్తో చేసేటప్పుడు మొదటి పని నూనె వదిలించడం. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. తడి గోడకి పెయింట్ వేస్తే ఏమవుతుందో, నూనె ఉన్న అల్యూమినియానికి కోటింగ్ వేస్తే అదే అవుతుంది. పెట్రోల్‌తో తుడిచేసి అయిపోయింది అనుకోకండి, పెట్రోల్ ఆరాక సన్నటి జిడ్డు మిగులుతుంది. డీగ్రీజర్‌తో కడిగి, చివర్లో అసిటోన్‌తో తుడవాలి. శుభ్రమైందో లేదో ఎలా తెలుస్తుంది? ఇదిగో, కడిగిన పిస్టన్ మీద మంచినీళ్లు పోస్తున్నాను. నీళ్లు ఒకే పొరగా పరుచుకుని జారాయి కదా, అంటే శుభ్రంగా ఉంది. ఈ రెండో పిస్టన్ చూడండి, నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోతున్నాయి. ఇంకా జిడ్డు ఉంది, మళ్లీ కడగాల్సిందే. ఇక్కడి నుంచి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, వేలిముద్ర చాలు చెడగొట్టడానికి.

తర్వాత గరుకు చేయడం. రింగులు కూర్చునే గాళ్లు, పిన్ను రంధ్రం టేపుతో గట్టిగా మూసి, సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ పొడితో తక్కువ ప్రెషర్ మీద బ్లాస్టింగ్ చేయాలి, అంటే ఆ పొడిని గాలితో చిమ్మి కొట్టాలి. మామూలు ఇసుక మాత్రం వద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, నయం కాని జబ్బు అది. బ్లాస్టింగ్ అయ్యాక మళ్లీ కడగాలి, గాలి కొట్టాలి. రింగు గాడిలో నాలుగు రేణువులు మిగిలినా కొత్త బోరు మీద, అంటే సిలిండర్ లోపలి గోడ మీద, గీతలు పడతాయి. కోటింగ్ వేయించి ఇంజన్ పాడైందని చెప్పేవాళ్లలో కొందరిది నిజానికి ఈ రేణువుల పనే.

పిస్టన్‌ని కాస్త వెచ్చబెట్టి, పలచగా స్ప్రే చేసి, ఓవెన్‌లో కాల్చాలి. ఎంత వేడి అన్నది కోటింగ్ డబ్బాని బట్టి 150 నుంచి 200 డిగ్రీల మధ్య ఉంటుంది. ఓవెన్ గాలి వేడెక్కగానే టైమ్ లెక్క మొదలుపెట్టకండి, పిస్టన్ లోహం ఆ వేడికి చేరాక లెక్కపెట్టండి. వంటింటి ఓవెన్ ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. రెసిన్ నుంచి వచ్చే ఆవిర్లు తిండి వండే చోట ఉండకూడదు.

ఇంకోటి, కొలత. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఒక్కో పక్క 15 మైక్రాన్ల పూత వేస్తే వ్యాసం 30 మైక్రాన్లు పెరుగుతుంది. చిన్న బైకుల్లో పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ 30, 40 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది. అంటే దళసరిగా కొడితే మంచి జరగదు, పిస్టన్ పట్టేస్తుంది. వేయక ముందు, వేశాక రెండుసార్లూ మైక్రోమీటర్‌తో కొలవండి.

ఇప్పుడు వేడి సంగతి. పిస్టన్ అల్యూమినియం గట్టిదనమంతా హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చింది. అతిగా కాలిస్తే మెత్తబడుతుంది. వాల్వులని నెట్టే చిన్న స్టీలు ఫాలోవర్లదీ అదే సమస్య. కొన్ని గట్టి పూతలకి 900, 1000 డిగ్రీలు కావాలి, ఆ వేడికి ఆ పార్టు ఎందుకూ పనికిరాదు. డీఎల్‌సీ అనే వజ్రం తరహా కార్బన్ పూత ఇంజన్లలోకి రావడానికి ఇదొక ముఖ్య కారణం. గాలి తీసేసిన గదిలో, ప్లాస్మా సాయంతో, సుమారు 200 డిగ్రీల దగ్గరే వేసేయొచ్చు. మందం రెండు మూడు మైక్రాన్లు. కేటీఎం 390 డ్యూక్‌లో కార్బన్ కోటింగ్ ఉన్న ఫాలోవర్లున్నాయి. ఇది ఇంట్లో అయ్యే పని కాదు.

అదే బైకులో సిలిండర్ బోరుకి నికాసిల్ అనే పూత ఉంటుంది. 1967లో జర్మనీకి చెందిన మాలే కంపెనీ తయారుచేసిన పద్ధతి. నికెల్ స్నానంలో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి కరెంటు పెడితే రెండూ కలిసి గోడకి పడతాయి. అల్యూమినియానికి గాలి తగిలిన క్షణంలోనే ఆక్సైడ్ పొర వస్తుంది, దాని మీద నికెల్ నిలవదు. అందుకని ముందు జింకు పొర వేస్తారు. చూశారా, ఇక్కడా కింది లోహం దగ్గరే కథ. 1990లలో బీఎండబ్ల్యూ వీ8 ఇంజన్లకి ఇదే పూత వేస్తే, సల్ఫర్ ఎక్కువున్న పెట్రోల్ దాన్ని తినేసింది. కంప్రెషన్ పోయింది. కంపెనీ చివరికి వేరే పద్ధతికి మారింది. మనకి 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పెట్రోల్‌లో సల్ఫర్ 10 పీపీఎం లోపే, కాబట్టి ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. కానీ నికాసిల్ బోరు మీద గీతలు పడితే లేత్ షాపులో బోరు చేయించడం, అంటే గోడని కాస్త కోసి పెద్దది చేయించడం, కుదరదు. పూత మొత్తం తీసి మళ్లీ వేయాలి, లేదా సిలిండర్ మార్చాలి. "బోరు చేసేద్దాం సార్" అన్న చోట ఇవ్వకండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ప్లాస్మా స్ప్రే. 2011 ఫోర్డ్ షెల్బీ జీటీ500 కారులో ఇనుప లైనర్లు, అంటే సిలిండర్ లోపల ఉండే ఇనుప గొట్టాలు, తీసేసి, స్టీలు తీగని కరిగించి బోరు గోడ మీద తుంపరగా కొట్టారు. లైనర్లు పోవడంతో దాదాపు 4 కిలోల బరువు తగ్గింది. కరిగిన చుక్క అల్యూమినియానికి అతుక్కోదు, గరుకులో పట్టు దొరికితేనే ఆగుతుంది. అందుకే ఇలాంటి బోర్లలో అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే సన్నటి గాళ్లు ముందు కోస్తారు. చుక్క లోపలికి వెళ్లి గట్టిపడితే ఇక బయటికి రాదు. పూతలో మిగిలే చిన్న చిన్న రంధ్రాల్లో ఆయిల్ నిలుస్తుంది.

ఇలాంటి పని మన దగ్గరా జరుగుతోంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో డిటొనేషన్ స్ప్రే మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. గొట్టంలో గ్యాస్ పేల్చి, ఆ పేలుడుతో పొడిని లోహం మీదకి విసురుతారు. మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ అని ఇంకోటి ఉంది, అందులో పూత బయటి నుంచి వేయరు, అల్యూమినియం నుంచే గట్టి సిరామిక్ పొర పెంచుతారు. మెటీరియల్స్, మెకానికల్ చదివే పిల్లలెవరైనా చూస్తుంటే అక్కడ ఇంటర్న్‌షిప్ ఉందేమో కనుక్కోండి.

మీ పిస్టన్ పూత పెచ్చు లేచిందా, అరిగిందా? దగ్గరగా ఫొటో తీసి, పిస్టన్ కొలతా బోరు కొలతా రాసి పంపండి. రెండు కొలతలూ లేకపోతే ఫొటో చూసి ఏమీ చెప్పలేను.