డిజిటల్ మిక్సర్‌లో శబ్దం నడిచే దారి

సభకు నమస్కారం.

రవీంద్రభారతిలో కూచిపూడి ప్రదర్శన జరుగుతున్నదనుకుందాం. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువుల మైకుల నుంచి వచ్చే శబ్దం ప్రేక్షకుల స్పీకర్లకు ఒక విధంగా, కళాకారులు వినే వేదిక మీది మానిటర్ స్పీకర్లకు మరో విధంగా, రికార్డింగుకు ఇంకో విధంగా చేరాలి. ఈ శబ్దాలను కలిపి పంచేదే డిజిటల్ మిక్సర్. వీటిలో ఏ ఒక్కచోట వినికిడి చెడినా మన చెయ్యి ముందు పౌనఃపున్యాలను పెంచే, తగ్గించే ఈక్వలైజర్ మీదికే పోతుంది. నేను మాత్రం శబ్దాన్ని ఏ దశలో చీల్చి ఎటు పంపామో ముందు చూడమంటాను.

మైకు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని ప్రీయాంప్ పెంచిన తరువాత, కన్వర్టర్ దానిని సెకనుకు 48,000 సార్లు, కొన్ని యంత్రాలలో 96,000 సార్లు కొలిచి, సాధారణంగా 24 బిట్ల అంకెలుగా మారుస్తుంది. కన్వర్టర్ గరిష్ఠ పరిమితిని దాటిన శబ్దం అక్కడే తెగిపోతుంది. తరువాత ఫేడర్‌ను, అంటే స్థాయిని పెంచే, తగ్గించే జారుడు మీటను, ఎంత దించినా తెగిన శబ్దం చిన్నదవుతుందే తప్ప బాగుపడదు. నేటి మిక్సర్లలో చాలావాటి లోపలి గణన ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో సాగుతుంది కనుక, మధ్యలో ఒక బస్సులో, అంటే పలు శబ్దాలు కలిసి నడిచే లోపలి దారిలో, స్థాయి మించినా అవుట్‌పుట్‌కు ముందు తగ్గించుకునే వీలు ఉంటుంది. ప్రీయాంప్ పెంపుదల అయిన గెయిన్‌కు అలాంటి క్షమ లేదు. ఒకే స్టేజ్ బాక్స్‌ను, అంటే వేదిక దగ్గర మైకుల తీగలు కలిపే, ప్రీయాంప్‌లు ఉండే పెట్టెను, ప్రేక్షకుల మిక్సర్, మానిటర్ మిక్సర్ పంచుకున్నప్పుడు ఒకరు గెయిన్ మారిస్తే రెండోవారి మిక్స్ కూడా మారిపోతుంది కాబట్టి, గెయిన్ ఒక్కరి చేతిలోనే ఉంచి, రెండోవారు కన్వర్టర్ తరువాత అంకెల్లోనే స్థాయిని మార్చే డిజిటల్ ట్రిమ్‌తో సర్దుకోవడం మంచిది. గెయిన్ మారినంత మేరకు ట్రిమ్‌ను తానే సవరించుకునే ఏర్పాటు కొన్ని మిక్సర్లలో ఉన్నది.

ఇక అసలు విషయానికి వస్తే, ఫేడర్‌కు ముందు నుంచి తీసిన శబ్దం ఫేడర్ కదిలినా మారదు కనుక మానిటర్లకు అదే తగినది. ప్రేక్షకుల కోసం గాత్రాన్ని కాస్త తగ్గించినప్పుడు నర్తకికి పాట వినిపించకుండా పోకూడదు కదా. ప్రతిధ్వనిని చేర్చే రివర్బ్‌కు మాత్రం ఫేడర్ తరువాతి శబ్దమే పంపాలి, లేకపోతే గాయని గొంతు తగ్గించిన తరువాత కూడా ఆమె ప్రతిధ్వని మోగుతూనే ఉంటుంది. అయితే ఫేడర్‌కు ముందు అన్నంతమాత్రాన ఈక్వలైజర్‌కూ ముందని అర్థం కాదు. హాలుకు తగినట్టు మృదంగంలో కోసిన పౌనఃపున్యాలు రికార్డింగులోనూ కోతపడకూడదనుకుంటే, ఆ శబ్దాన్ని ఈక్వలైజర్‌కు, శబ్దపు హెచ్చుతగ్గులను కుదించే కంప్రెసర్‌కు కూడా ముందే తీయాలి. తెర మీద ఇది ఒక చిన్న మెనూ ఎంపిక మాత్రమే. రిహార్సల్ హడావిడిలో దానిని తెరిచి చూసేవారు తక్కువ.

కాలం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే మృదంగాన్ని నేరుగా ఒక దారిలోనూ, బయటి ఎఫెక్ట్ యంత్రం గుండా మరో దారిలోనూ నడిపి మళ్ళీ కలిపినప్పుడు, రెండో దారి 1 మిల్లీసెకను, అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 48 శాంపిళ్ళు (కొలతలు), వెనకబడిందనుకోండి. రెండింటి స్థాయి సమానమైతే 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర శబ్దం పరస్పరం రద్దవుతుంది. అలా పోయిన నాదాన్ని ఈక్వలైజర్‌తో ఎంత ఎత్తినా తిరిగి రాదు, ఎందుకంటే రెండు ప్రతులూ కలిసే పెరుగుతాయి. కొన్ని మిక్సర్లు తమ లోపలి ఆలస్యాలను తామే సరిచేస్తాయి. బయటి యంత్రం కలిపే ఆలస్యాన్ని మాత్రం సాధారణంగా మనమే కొలిచి, నేరుగా వచ్చే దారికి కూడా అంతే డిలే ఇవ్వాలి.