రాక్ ఇన్ అపొజిషన్: ఐదు బ్యాండ్లు, ఒక చిరునామాల పుస్తకం

అందరికీ నమస్కారం. ఈ సభకు పిలిచినప్పుడు "రాక్ సంగీతం మీద ఏదైనా చెప్పండి సార్, గంట చాలు" అన్నారు. బీటిల్స్ గురించి చెబుతాననుకుని ఉంటారు. నేనిచ్చిన పేరు చూశాక మళ్ళీ ఫోన్ చేసి "అపొజిషన్ అంటే జనం రాజకీయ సభ అనుకుంటారేమో" అన్నారు. కొంచెం రాజకీయమే లెండి, కంగారు పడకండి.

1980ల చివర్లో విశాఖలో హాస్టల్లో ఉండగా ఒక సీనియర్ నాకో కేసెట్ ఇచ్చాడు. దాని మీద పెన్సిల్‌తో "హెన్రీ కౌ" అని రాసి ఉంది. టేప్‌రికార్డర్లో పెట్టిన నిమిషానికే మా రూమ్మేట్ "ఒరే, బెల్టు లూజైంది, ఆపరా" అన్నాడు. నాకూ అదే అనిపించింది. కేసెట్ బయటికి లాగి, పెన్సిల్ దూర్చి చుట్టు బిగించి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే! గిటారు ఒక దారిలో, డ్రమ్స్ ఇంకో దారిలో, మధ్యలో సన్నాయి గొంతు పట్టేసినట్టు ఏదో వాయిద్యం. పక్క రూములో మృదంగం నేర్చుకునే కుర్రాడొకడు ఉండేవాడు. వాడొచ్చి తలుపు దగ్గరే నిలబడి, తొడ మీద వేళ్ళతో లెక్క వేసి, "బెల్టు బాగానే ఉందన్నా. ఏడు, ఏడు, ఐదు వేస్తున్నారు, అంతే" అని వెళ్ళిపోయాడు. మిశ్రచాపు, ఖండచాపు విన్న చెవికి ఆ ఏడూ ఐదూ కొత్త కాదు. వాటిని అలా పక్కపక్కన పడేసి, శ్రోత కుదుటపడే లోపే మార్చేయడం కొత్త.

హెన్రీ కౌ ఇంగ్లండు బ్యాండు. 1968లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఫ్రెడ్ ఫ్రిత్, టిమ్ హాడ్జ్‌కిన్సన్ మొదలుపెట్టారు. తర్వాత డ్రమ్స్ వాయించే క్రిస్ కట్లర్ చేరాడు. నేను సన్నాయి గొంతన్నది లిండ్సే కూపర్ వాయించిన బసూన్. మన నాదస్వరంలో లాగే రెండు రెల్లు పీలికల మధ్య నుంచి ఊదే వాయిద్యం, కాకపోతే మనిషంత పొడుగు, గొంతు బాగా కింద. ఆమె 1974లో వచ్చింది. రాక్ బ్యాండులో బసూన్ ఏమిటని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

1973లో వర్జిన్ రికార్డ్స్ వీళ్ళతో ఒప్పందం చేసుకుంది. అది రిచర్డ్ బ్రాన్సన్ కంపెనీ, అప్పుడే పుట్టింది. ఎవరూ ముట్టుకోని వింత సంగీతమే దాని సరుకు. అదే ఏడాది మే నెలలో ఆ కంపెనీ మొదట వదిలిన రికార్డుల్లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ చేసిన 'ట్యూబ్యులర్ బెల్స్' ఒకటి. అది లక్షల్లో అమ్ముడుపోయింది. వింత సంగీతంలో అంత డబ్బుందని తెలిశాక, కంపెనీ మిగతా వింతలన్నిటినీ ఆ కొలబద్దతోనే చూడటం మొదలుపెట్టింది. హెన్రీ కౌ దానికి ఎక్కడ సరిపోతుంది? 1977లో వర్జిన్ సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండును తీసుకుంది. హెన్రీ కౌతో తెగతెంపులూ ఆ రోజుల్లోనే.

మధ్యలో ఒక్క మాట. వర్జిన్‌కు ఇచ్చిన హెన్రీ కౌ రికార్డుల అట్టల మీద మనుషులుండరు, ఒక సాక్సు ఉంటుంది. రే స్మిత్ అనే చిత్రకారుడు రంగునే దారంలా అల్లి చేసిన సాక్సు. మొదటి రికార్డు పేరు 'లెజెండ్', విడదీసి చదివితే 'లెగ్ ఎండ్', అంటే కాలి చివర. ఇంత సీరియస్ మనుషులు ఇలాంటి జోకు వేశారని తెలిశాకే నాకు వాళ్ళ మీద నమ్మకం కుదిరింది.

ఇంగ్లండులో పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. వాళ్ళు సామాను బస్సులో వేసుకుని యూరప్ మీద పడ్డారు. ఫ్రాన్స్, ఇటలీ, స్వీడన్... ఇటలీలో కమ్యూనిస్టు పార్టీ పత్రిక పేరున జరిగే ఉత్సవాలు ఉండేవి. మన జాతరలాగే ఒక పక్క తిండి దుకాణాలు, ఒక పక్క ఉపన్యాసాలు, ఇంకో పక్క సంగీతం, పిల్లాజెల్లాతో వచ్చిన జనం. అలా తిరుగుతుంటే ప్రతి దేశంలోనూ తమలాంటి బ్యాండ్లు తగిలాయి. వాళ్ళ భాషలో వాళ్ళు పాడుకుంటూ, వాళ్ళ పాట్లేవో వాళ్ళు పడుతున్నారు. లండన్‌లో వాళ్ళ పేర్లు కూడా ఎవరికీ తెలియవు. రాక్ అంటే ఇంగ్లీషులో పాడాలి, లండన్ నుంచో న్యూయార్క్ నుంచో రావాలి, మిగతావాళ్ళు కొనుక్కుని వినాలి. అప్పటి లెక్క అది.

దానికి ఎదురు తిరగడమే రాక్ ఇన్ అపొజిషన్. 1978 మార్చి 12, ఆదివారం. లండన్ డ్రూరీ లేన్‌లోని న్యూ లండన్ థియేటర్. బ్రిటిష్ ఆర్ట్స్ కౌన్సిల్ ఇచ్చిన 1000 పౌండ్ల సాయంతో హెన్రీ కౌ నాలుగు దేశాల నుంచి నాలుగు బ్యాండ్లను పిలిపించింది. రికార్డు కంపెనీలు మీ చెవిన పడకూడదనుకునే సంగీతం ఇది అన్నది ఆ రోజు నినాదం. మూడేళ్ళకు అదే స్టేజీ మీద 'క్యాట్స్' అనే సంగీత నాటకం మొదలై 21 ఏళ్ళు ఆడింది. వీళ్ళు ఆడింది ఒక్క రోజు.

ఆ వచ్చిన బ్యాండ్లు ఎలాంటివో చెప్పాలి.

బెల్జియం నుంచి యూనివెర్ జీరో. ఊరంతా నిద్రపోయాక దూరంగా శవం వెంట నడిచే మేళంలా ఉంటుంది వాళ్ళ సంగీతం. బసూన్, వయొలిన్, డానియెల్ డెనిస్ డ్రమ్స్, అన్నిటికీ అడుగున ఒక హార్మోనియం. అవును, మన హార్మోనియమే! పద్యనాటకంలో రాగం తీసే ముందు శ్రుతి కోసం పక్కకు చూసే పెట్టె. 1842లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న ఆ పెట్టె మన ఊళ్ళకొచ్చి భక్తికీ పద్యానికీ అలవాటుపడింది. బెల్జియంలో రోజర్ ట్రిగో చేతిలో అదే పెట్టె భయపెట్టడానికి పనికొచ్చింది. తిత్తిలో గాలి ఎక్కే ముందు వచ్చే ఆ మూలుగు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాన్ని పక్కకు నెట్టకుండా సంగీతంగా వాడుకున్నారు.

స్వీడన్ నుంచి శామ్లా మమ్మాస్ మన్నా. పూర్తిగా రెండో కొస. లార్స్ హోల్మర్ అకార్డియన్, పల్లెటూరి నాట్యపాటలు, మధ్యలో వెర్రి కేకలు. హోల్మర్ తర్వాత తన స్టూడియోను ఒక పాత కోళ్ళ గూట్లో పెట్టుకుని, దానికి కోళ్ళ గూడు అనే పేరు పెట్టాడు. ఫ్రాన్స్ నుంచి ఎత్రోన్ ఫూ లెలూబ్లాన్, గొంతు చించుకుని అరిచే నాటకంలాంటి రాక్. ఇటలీ నుంచి స్టోర్మీ సిక్స్, ఫాసిస్టుల మీద జరిగిన పోరాటాన్ని పాటలు కట్టినవాళ్ళు. 1975లో వచ్చిన వాళ్ళ రికార్డులో 'స్తాలిన్‌గ్రాదో' అనే పాట ఇటలీ ఊరేగింపుల్లో పాడుకునేవారు. మిలన్‌లో వాళ్ళకు 'ఓర్కెస్త్రా' అనే సహకార సంఘం ఉండేది. రికార్డులు వాళ్ళే వేసుకుంటారు, వాళ్ళే అమ్ముకుంటారు.

ఈ ఐదింటినీ వరసగా విన్నవాడికి వీటిలో ఉమ్మడి రాగమో తాళమో దొరకదు. శవయాత్ర, పెళ్ళి ఊరేగింపు, వీధి నాటకం, పోరాటపాట, ఇంకా మా హాస్టల్ వాళ్ళు బెల్టు లూజనుకున్నది. వీళ్ళను కలిపింది సంగీతం కాదు, ఇబ్బంది. మా ఊరొస్తే మేం కచేరీ పెట్టిస్తాం, మీ ఊరొస్తే మీరు పెట్టించండి, మీ రికార్డులు మేం అమ్ముతాం, మావి మీరు అమ్మండి. ఇంతే ఒప్పందం. ఇప్పుడు వింటే ఇందులో విప్లవమేముంది అనిపిస్తుంది. ఈమెయిల్ లేని రోజులు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గరి ఒక బ్యాండుకు స్వీడన్‌లోని ఉప్సాలలో తమను ఎవరు పిలుస్తారో తెలియాలంటే ఎవరి దగ్గరో ఒక చిరునామాల పుస్తకం ఉండాలి. రాక్ ఇన్ అపొజిషన్ అంటే నా దృష్టిలో ఆ పుస్తకమే.

అసలు విడ్డూరం ఇక్కడుంది. ఉద్యమం మొదలుపెట్టిన హెన్రీ కౌ ఆ ఏడాది వేసవికే విడిపోయింది. తగాదా పాటల దగ్గరొచ్చింది. జనవరిలో రికార్డు చేసిన వాటిలో పాటలు ఎక్కువయ్యాయని కొందరన్నారు, అవి హెన్రీ కౌ రికార్డుగా వద్దన్నారు. ఈ బ్యాండులో ప్రతిదీ మీటింగు పెట్టుకుని తేల్చుకునేవారు, కాబట్టి ఇదీ అలాగే తేలింది. ఆ పాటలతో కట్లర్, ఫ్రిత్, గాయని డాగ్మార్ క్రౌజె కలిసి 'ఆర్ట్ బేర్స్' అయ్యారు. వాయిద్యాలు మాత్రమే ఉన్న చివరి రికార్డు 'వెస్టర్న్ కల్చర్' స్విట్జర్లాండ్‌లోని కిర్ష్‌బర్గ్‌లో సన్‌రైజ్ స్టూడియోలో చేశారు. దాని అట్ట మీద సాక్సు లేదు.

అదే స్టూడియోలో ఆ డిసెంబరులో ఉద్యమం సభ్యులు సమావేశమయ్యారు. కొత్తవాళ్ళను ఎలా చేర్చుకోవాలన్నది ప్రశ్న. మూడు షరతులు పెట్టారు: సంగీతంలో సత్తా ఉండాలి, రికార్డు వ్యాపారానికి బయట ఉండాలి, రాక్ పట్ల సామాజిక బాధ్యత ఉండాలి. రెండోది ఒక్కటే కొలవగలిగిన షరతు. మిగతా రెండూ ఏ సంఘం నియమావళిలోనైనా కనబడేవే, వాటి మీద తెల్లవార్లూ వాదించుకోవచ్చు. ఆర్ట్ బేర్స్, ఫ్రాన్స్ నుంచి ఆర్ట్ జోయ్డ్, బెల్జియం నుంచి అక్సాక్ మబూల్ చేరాయి. అక్సాక్ అంటే తుర్కీలో కుంటడం. అక్కడి ఏడు, తొమ్మిది లెక్కల తాళాలకు ఆ పేరు. 1979లో మిలన్‌లో స్టోర్మీ సిక్స్ వాళ్ళు ఇంకో ఉత్సవం చేశారు. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో సంఘం పేరున కార్యక్రమాలు ఆగిపోయాయి. మూసేశామని ఎవరూ ప్రకటించలేదు.

మరి మిగిలిందేమిటి? కట్లర్ 1978లో 'రికమెండెడ్ రికార్డ్స్' అని ఒక దుకాణమూ, రికార్డులు వేసే లేబులూ కలిసినది పెట్టాడు. ఆర్ట్ బేర్స్ రికార్డులకు ముందే చందా కట్టించుకునేవాడు. మన చిన్న పత్రికలవాళ్ళు పుస్తకం అచ్చుకాక ముందే డబ్బు పోగుచేసినట్టు. 1981 రికార్డుకు చందా కట్టినవాళ్ళకు ఒక వైపే పాటున్న చిన్న రికార్డు అదనంగా అందింది. డిజిటల్ కాలంలో ఇలాంటి వాటికి కొత్త కొత్త పేర్లొచ్చాయి గానీ పని మాత్రం అదే. ఆ లేబుల్ పేరు కొద్దిగా మార్చుకుని దశాబ్దాలు నడిచింది. అమెరికాలో 1984లో మొదలైన క్యూనీఫార్మ్ రికార్డ్స్ యూనివెర్ జీరో లాంటివాళ్ళను అట్లాంటిక్ దాటించింది. కొలరాడోలో థింకింగ్ ప్లేగ్, జపాన్‌లో యోషిదా తత్సుయా బ్యాండ్లు, వీళ్ళెవరూ 1978 మార్చిలో ఆ హాల్లో లేరు. రికార్డులు పోస్టులో చేరాయి, అంతే.

మనుషులూ అలాగే చెదిరిపోయారు. ఫ్రిత్ న్యూయార్క్ వెళ్ళి, జాన్ జోర్న్ అనే సంగీతకారుడి బ్యాండు 'నేకెడ్ సిటీ'లో బేస్ గిటారు వాయించాడు, తర్వాత కాలిఫోర్నియాలో మిల్స్ కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాడు. అతను గిటారును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గుడ్లు గిలక్కొట్టే కవ్వంతో, రంగులేసే కుంచెతో, ఇనుప గొలుసుతో వాయించడం చూడాలి. నవ్వొస్తుంది, రెండు నిమిషాలకు నవ్వు ఆగిపోతుంది. హెన్రీ కౌలో బేస్, చెల్లో వాయించిన జార్జీనా బోర్న్ మానవశాస్త్రవేత్త అయింది. పారిస్‌లోని ప్రభుత్వ సంగీత పరిశోధన సంస్థలో కూర్చుని, అక్కడి సంగీతకారులను ఒక తెగను చూసినట్టు పరిశీలించి పుస్తకం రాసింది. ఒక బ్యాండులో ఏళ్ళ తరబడి మీటింగులు చూసినామెకు అది కష్టమై ఉండదు.

ఇక నాకు గిట్టని సంగతి. ఇప్పుడు రికార్డు దుకాణాల్లో, సంగీత ప్రియుల మాటల్లో 'ఆర్.ఐ.ఓ.' (రాక్ ఇన్ అపొజిషన్‌కు పొట్టి పేరు) అంటే ఒక శైలి. బసూన్ ఉండాలి, చీకటిగా ఉండాలి, లెక్క కుంటాలి. అంటే యూనివెర్ జీరోలా ఉండాలి. స్టోర్మీ సిక్స్ పాటలు ఇప్పుడొస్తే ఆ అరలో పెట్టరు. ఒకే రకంగా వాయించాల్సిన పని లేదని గుమిగూడినవాళ్ళ పేరు చివరికి ఒక రకం సరుకు పేరైంది. అయితే నేను గొణగడానికి లేదు. తర్వాత్తర్వాత నాకు సగం బ్యాండ్లు దొరికింది ఆ అర వెతికినప్పుడే.

2007 నుంచి ఫ్రాన్స్‌లో ఆల్బీ ఊరికి దగ్గర, కార్మో దాపున అదే పేరుతో మళ్ళీ ఉత్సవాలు జరిగాయి. ఒకప్పుడు బొగ్గు తవ్వి వదిలేసిన ఓపెన్‌కాస్టు గనిని వినోద స్థలంగా మార్చారు, అక్కడి సంగీత భవనంలో. మన రామగుండం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉంటే అలాంటి గొయ్యి ఎంతుంటుందో వాళ్ళకు చెప్పక్కర్లేదు. లిండ్సే కూపర్ అక్కడికి రాలేదు. ఆమెకు చాలా ఏళ్ళుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. వేళ్ళు మాట వినడం మానేశాక బసూన్ పక్కన పెట్టాల్సి వచ్చింది. 2013లో పోయింది. మరుసటి ఏడాది నవంబరులో లండన్‌లో, హడర్స్‌ఫీల్డ్‌లో, ఇటలీలోని ఫోర్లీలో హెన్రీ కౌ వాళ్ళు 1978 తర్వాత మొదటిసారి కలిసి వాయించారు, ఆమె రాసిన సంగీతం కోసం.

నేను చెప్పాల్సింది అయింది. ఇప్పుడు యూనివెర్ జీరో 1979 రికార్డులోంచి మొదటిది వేస్తాను. పేరు 'లా ఫో', గడ్డి కోసే పొడుగు పిడి కొడవలి. 25 నిమిషాలుంటుంది. హార్మోనియం ఎప్పుడొస్తుందో నేను చెప్పను, మీకే తెలుస్తుంది. మధ్యలో టీకి లేచేవాళ్ళు ఆ వెనక తలుపు మెల్లగా వెయ్యండి, అది కిర్రుమంటుంది. రికార్డులోదో తలుపుదో తెలియక ఇబ్బంది పడతాం.