మైక్రోటిక్‌లో వైర్‌గార్డ్: ఇంట్లో కూర్చుని ఆఫీసు ట్యాలీ తెరుద్దాం

నమస్కారం అండి. స్క్రీన్ కనిపిస్తోంది కదా, మైక్రోటిక్ రౌటర్‌ను సెట్ చేసే ప్రోగ్రామ్ విన్‌బాక్స్ తెరిచి పెట్టాను.

పని ఏంటంటే, ఆఫీసులో ఒక కంప్యూటర్‌లో ట్యాలీ ఉంది. ఓనర్‌గారు రాత్రి ఇంటికెళ్లాక స్టాక్ చూసుకోవాలి. అంటే ఆయన ల్యాప్‌టాప్‌కీ ఆఫీసు రౌటర్‌కీ మధ్య ఒక ప్రైవేటు దారి వేయాలి. దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడుతున్నాం. రౌటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్, అంటే రౌటర్‌ఓఎస్, ఏడో వెర్షన్ ఉండాలి. ఆరు ఉంటే ఇందులో వైర్‌గార్డే ఉండదు, ముందు అప్‌గ్రేడ్ చేసుకోండి.

"ఇంత ఎందుకండీ, రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 ఫార్వర్డ్ చేసేస్తే రెండు నిమిషాల పని" అని అడిగేవాళ్లు ఉంటారు. వద్దు. అలా తెరిచిన కంప్యూటర్‌లో ఒక్కసారి ఈవెంట్ వ్యూయర్ చూడండి, సెక్యూరిటీ లాగ్‌లో 4625, అంటే లాగిన్ కుదరలేదనే ఎంట్రీలు బారులు తీరి ఉంటాయి. ఎవడో, ఎక్కడి నుంచో, తెల్లవార్లూ పాస్‌వర్డ్‌లు కొడుతూనే ఉంటాడు. పాత వీపీఎన్ పద్ధతి పీపీటీపీ సంగతి కూడా అడగొద్దు. ఆపిల్ దాన్ని 2016లోనే తీసేసింది, ఇంకా మన షాపుల్లో నడుస్తూనే ఉంది. వైర్‌గార్డ్ అయితే సరైన కీ లేని ప్యాకెట్‌కి జవాబే ఇవ్వదు. అసలు ఇక్కడ తలుపుందని కూడా వాడికి తెలియదు.

మొదట ఒకటి చూసుకోండి. ఐపీ, అడ్రసెస్. ఇంటర్నెట్ వచ్చే పోర్టు మీద ఏ నంబరు ఉంది? 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీకు పబ్లిక్ ఐపీ లేనట్టే, ప్రొవైడర్ మిమ్మల్ని పదిమందితో కలిపి ఒకే ఐపీ వెనక పెట్టాడు. ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ అడగండి. 192.168 అని ఉంటే ముందు ఇంకో మోడెమ్ ఉంది, అందులో పోర్టు ఫార్వర్డ్ చేయాలి. పబ్లిక్ ఐపీ ఉంది కానీ అప్పుడప్పుడు మారుతుందా? ఐపీ, క్లౌడ్‌లోకి వెళ్లి డీడీఎన్ఎస్ ఆన్ చేయండి, ఒక పేరు ఇస్తుంది, ఐపీ బదులు అది వాడుకోవచ్చు. దానికి డబ్బులేం కట్టక్కర్లేదు.

ఇంకో మాట. పైన సేఫ్ మోడ్ అని బటన్ ఉంది చూడండి, నొక్కండి. దూరం నుంచి పని చేస్తూ తప్పు రూల్ పెట్టి రౌటర్‌తో కనెక్షన్ పోగొట్టుకున్నారనుకోండి, మార్పులన్నీ రౌటర్ తనే వెనక్కి తీసుకుంటుంది. నేను ఇది నొక్కకుండా ఫైర్‌వాల్ ముట్టను. పని అయ్యాక ఆఫ్ చేయడం మాత్రం మర్చిపోవద్దు, మర్చిపోతే చేసిందంతా పోతుంది.

సరే, వైర్‌గార్డ్, ప్లస్. పేరు ఏదో ఒకటి, పోర్టు 13231 తనే ఇస్తుంది, ఉంచేయండి. అప్లై. పబ్లిక్ కీ వచ్చింది, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోండి.

ఐపీ, అడ్రసెస్, ప్లస్. 10.10.10.1/24, ఇంటర్‌ఫేస్ ఇందాక చేసిందే. ఓకే.

ఫైర్‌వాల్. చెయిన్ ఇన్‌పుట్, యూడీపీ, డెస్టినేషన్ పోర్టు 13231, యాక్సెప్ట్. ఇది అడుగున పడుతుంది, దీన్ని లాగి ఈ డ్రాప్ రూల్ పైన పెట్టండి. ఇదిగో, ఇక్కడ. డ్రాప్ కింద ఉంటే రూల్ ఉన్నా లేనట్టే. అయిపోయింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్. వైర్‌గార్డ్ యాప్, యాడ్ ఎంప్టీ టనెల్. ప్రైవేట్ కీ తనే తయారు చేసింది, దాన్ని ముట్టుకోకండి, ముఖ్యంగా వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. పైన పబ్లిక్ కీ ఉంది చూడండి, అదొక్కటే బయటికి వెళ్లాలి. కింద టైప్ చేస్తున్నాను. అడ్రస్ 10.10.10.2/32. పీర్, అంటే అవతలి మెషీన్, దాని కింద రౌటర్ పబ్లిక్ కీ. ఎండ్‌పాయింట్, ఆఫీసు ఐపీ, కోలన్, 13231. అలోడ్ ఐపీస్‌లో 10.10.10.0/24, కామా, ఆఫీసు నెట్‌వర్క్ 192.168.50.0/24. కీప్‌అలైవ్ 25, అంటే దారి తెరిచి ఉంచడానికి 25 సెకన్లకోసారి ఒక చిన్న ప్యాకెట్. సేవ్.

ఆఫీసుకి 50 ఎందుకు పెట్టానంటే, ఇళ్లల్లో రౌటర్లు ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 మీదే వస్తాయి. ఆఫీసులోనూ అదే ఉంటే ల్యాప్‌టాప్ తన ఇంట్లోనే వెతుక్కుంటూ కూర్చుంటుంది.

మళ్లీ రౌటర్. పీర్స్, ప్లస్. ల్యాప్‌టాప్ పబ్లిక్ కీ పేస్ట్. తర్వాత ఇదిగో, అలోడ్ అడ్రస్. ఇక్కడ కాస్త ఆగుదాం. నా సాయంత్రం ఒకటి ఈ గడిలోనే పోయింది.

ఒకచోట ఓనర్‌గారికి పెట్టాను, బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడు అకౌంటెంట్‌గారికి కూడా పెట్టాను, అదీ పనిచేసింది. ఇంటికొచ్చేసరికి ఓనర్‌గారి ఫోన్: "బాబూ, నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు." చూస్తే హ్యాండ్‌షేక్, అంటే కీలు సరిచూసుకుని రెండు వైపులా కలవడం, బాగానే ఉంది. పింగ్ మాత్రం పోదు. ప్యాకెట్ సైజు పరిమితి ఎంటీయూ మార్చాను, ఫైర్‌వాల్ మొత్తం తిరగేశాను, రౌటర్ రీస్టార్ట్ చేయించాను. లాభం లేదు. చివరికి చూస్తే ఇద్దరి పీర్లలోనూ అలోడ్ అడ్రస్ 10.10.10.0/24 అని రాశాను. ల్యాప్‌టాప్‌లో అలాగే రాశాం కదా అని ఇక్కడా అదే కొట్టేశాను.

తేడా ఎక్కడంటే, ల్యాప్‌టాప్‌లో ఆ గడికి "నేను ఎక్కడికి వెళ్లాలి" అని అర్థం. అందుకే అక్కడ మొత్తం నెట్‌వర్క్ రాస్తాం. రౌటర్‌లో "ఈ కీ వెనక ఎవరున్నారు" అని అర్థం. రౌటర్ ప్యాకెట్ పంపేటప్పుడు ఏ పీర్‌కి పంపాలో ఇది చూసే తేల్చుకుంటుంది. లోపలికి వచ్చిన ప్యాకెట్ ఆ పీర్ నుంచి రావాల్సిందేనా అని కూడా దీంతోనే చూస్తుంది. ఒకే ఇంటి నంబరు ఇద్దరికీ రాసిస్తే పోస్టుమ్యాన్ ఏం చేస్తాడు? నా రౌటర్ కొత్తగా చేరినాయనకే ఇచ్చేసింది. హ్యాండ్‌షేక్‌కి కీలు చాలు కాబట్టి అది మాత్రం పచ్చగా కనిపిస్తూనే ఉంది. నన్ను తప్పుదారి పట్టించిందే అది. కాబట్టి ఇక్కడ 10.10.10.2/32. ముప్పై రెండు అంటే ఆ ఒక్క నంబరే. అకౌంటెంట్‌గారికి 10.10.10.3/32. మనిషికొక నంబరు.

యాక్టివేట్. లేటెస్ట్ హ్యాండ్‌షేక్, రెండు సెకన్లు. 10.10.10.1 పింగ్... వస్తోంది. ట్యాలీ కంప్యూటర్ పింగ్... రావట్లేదు. కంగారు పడకండి, వేరే నెట్‌వర్క్ నుంచి వచ్చే పింగ్‌ను విండోస్ ఫైర్‌వాల్ మామూలుగానే ఆపేస్తుంది. నేరుగా రిమోట్ డెస్క్‌టాప్ తెరవండి. విండోస్ కీ, ఆర్, ఎంఎస్‌టీఎస్‌సీ, ఎంటర్. నేనెప్పుడూ మెనూల్లో వెతకను. 192.168.50.10, పాస్‌వర్డ్... ఇదిగో ట్యాలీ. ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలండోయ్, హోమ్ ఎడిషన్ రిమోట్ డెస్క్‌టాప్‌కి తలుపు తీయదు.

ప్రతి పీర్‌కీ కామెంట్‌లో మనిషి పేరు రాసి పెట్టుకోండి. రేపు ఒక ల్యాప్‌టాప్ బస్సులో పోయిందని ఫోనొస్తే, ఇక్కడికొచ్చి ఆ పేరు మీద క్లిక్, ఈ ఎర్ర క్రాస్ నొక్కండి. ఆ ఒక్కటే ఆగిపోతుంది, మిగతావాళ్ల పని నడుస్తూనే ఉంటుంది. చూడండి, ఇప్పుడు నాది ఆపుతున్నాను... ట్యాలీ ఆగిపోయింది.

అన్నట్టు, సేఫ్ మోడ్ ఆఫ్ చేశారా?