పక్కవాద్యం

వేదిక మీది పెద్దలకీ, విజయనగరం సంగీతప్రియులకీ నమస్కారం. నాకిచ్చిన అంశం 'సమాజంలో సంగీత విద్వాంసుల బాధ్యత'. రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉంచుతున్నాను. ఇందాక గేటు దగ్గర చూసింది మనసులోంచి పోవడం లేదు. చెబుతాను.

1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామినాయుడు గారు. గాయకుడి పక్కన కూర్చునే వాద్యానికి సోలో కచేరీ గౌరవం తెచ్చిన మహానుభావుడు. ఘంటసాల గారు ఈ ఊళ్లోనే జోలె పట్టి, మధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. ఆ గొంతుకి అన్నం పెట్టింది ఈ వీధుల ఇల్లాళ్లు. ప్రతి సభలోనూ ఈ మాట గర్వంగా చెప్పుకుంటాం. ఊరు మనకి పెట్టింది సరే, మనం ఊరికి ఏం పెడుతున్నాం?

2018 అక్టోబరులో, తిత్లీ తుపాను తర్వాత, శిష్యులతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్లాను. బియ్యం, దుప్పట్లు పట్టుకెళ్లాం. వయొలిన్ కారులోనే ఉంది, తీయడానికి సిగ్గేసింది. కొబ్బరితోటలు నేలకొరిగాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అక్కడ పాటేమిటి? ఒక ముసలమ్మ ఆ పెట్టె చూసి, "అదేటి బాబూ?" అంది. చెప్పాను. "అయితే వాయించు, నాను పాడతాను" అంది.

కూలిన కొబ్బరిమొద్దు మీద కూర్చుని ఊడుపుల పాట ఎత్తుకుంది. ఆవిడ శ్రుతి పట్టుకోవడానికే నాకు కాసేపు పట్టింది. పట్టుకుని, ఆవిడ వెనకే నడిచాను. చుట్టూ ఆడవాళ్లు చేరారు, రెండో చరణం వాళ్లే అందుకున్నారు. పాట మధ్యలో ఒకావిడ ఏడ్చింది, తర్వాత అందరూ ఏడ్చారు. దుప్పటి ఇస్తే తలెత్తి చూడని మనుషులు, "రేపు కూడా వస్తావా బాబూ?" అని అడిగారు.

మర్నాడు నాకు కచేరీ ఉంది. వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. అది ఇప్పటికీ బాధే.

ఇక గేటు దగ్గర చూసింది. తప్పెట్లు వాయిస్తూ ఆడే మన తప్పెటగుళ్ల బృందం పొద్దుటి నుంచీ చెట్టుకింద కూర్చుని ఉంది. కాళ్లకి గజ్జెలు, గుండెల మీద తప్పెట్లు కట్టుకునే ఉన్నారు. వాళ్ల వంతు భోజనాల వేళకి పెట్టారట! మీరంతా విస్తళ్ల ముందుంటే వాళ్లు ఖాళీ కుర్చీలకి ఆడాలా? నిర్వాహకులు నన్ను క్షమించాలి. ద్వారం వారి వాద్యం పట్టుకున్నవాణ్ణి, పక్కన కూర్చోవడం అంటే ఏమిటో తెలిసినవాణ్ణి. చూసి ఊరుకోలేను.

నాకింకా ఇరవై నిమిషాలుంది. అది వాళ్లకిచ్చేస్తున్నాను. అమ్మా, ఎవరూ లేవకండి. పిల్లలూ, ముందుకు రండి. బాబూ, ఆ తలుపు తీసి వాళ్లని పిలు. వేదిక మీది ఈ కుర్చీలు కూడా తీయించండి, ఆ ఆటకి చోటు కావాలి.