కానుకల లెక్క కూడా సువార్తే

పూజ్య గురువులకు, మఠకన్యలకు, విచారణ పెద్దలకు, తోటి విశ్వాసులకు నమస్కారం.

సువార్త ప్రచారం అనగానే మన గుంటూరు విచారణల్లో, అంటే మన స్థానిక కతోలిక సంఘాల్లో, మైకులు, కరపత్రాలు, సభలు గుర్తుకు వస్తాయి. గృహనిర్వాహకత్వం, అంటే దేవుడిచ్చిన సమయాన్ని, ప్రతిభను, సొమ్మును బాధ్యతగా వాడటం, అనగానే పండుగ చందాలు, రశీదు పుస్తకాలు గుర్తుకు వస్తాయి. ఒకదాన్ని ఉపదేశికి, మరొకదాన్ని కమిటీకి అప్పగించి మనం నిశ్చింతగా ఉంటున్నాం. ఈ రెండూ ఒకే పని అని చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

మా విచారణలో ఒక అమ్మ మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఆదివారం దివ్యబలిపూజలో కానుకల వేళకు కొంగు ముడి విప్పి, నాలుగు మడతల ఇరవై రూపాయల నోటును, ఇంకా మంట తగ్గని వేళ్లతో సాపు చేసి పళ్లెంలో వేస్తుంది. కానుకలు లెక్కపెట్టేవారిలో నేనొకణ్ణి కనుక, ఆ నోటుకు అంటిన ఘాటు నాకు తెలుసు. మార్కు సువార్త 12వ అధ్యాయంలోని పేద విధవరాలి గురించి ప్రసంగాలు ఎన్నో విన్నాను గానీ, ఆమె వేసిన కాసులు తర్వాత ఏమయ్యాయని ఎన్నడూ ఆలోచించలేదు.

ఆలోచింపజేసింది ఈ అమ్మే. "బాబూ, బడి రేకులకని పోయినేడు ఇచ్చాం గదా, వేశారా?" అని అడిగింది. వేయలేదు. ఆ సొమ్ము పండుగ విద్యుద్దీపాలకు ఖర్చయింది. ఎవరూ తినలేదు, నిజమే. కానీ ఒక నిర్దిష్ట ప్రయోజనానికి విశ్వాసులు ఇచ్చిన కానుకను ఆ ప్రయోజనానికే వాడాలని 1983 నాటి కతోలిక శ్రీసభ ధర్మశాస్త్రం 1267వ సూత్రంలో చెబుతున్నది. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలని 537వ సూత్రం, విశ్వాసులు సమర్పించిన సొమ్ముకు వారికే లెక్క చెప్పాలని 1287వ సూత్రం అంటున్నాయి. యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పునీత పౌలు కూడా, ప్రభువు ఎదుటే కాక మనుషుల ఎదుట సైతం నిందకు తావుండరాదని, నమ్మకస్థులైన సహచరులను ఆ పనికి జతచేశాడు.

ఇందులో సువార్త ఎక్కడున్నదని మీరు అడగవచ్చు. ఈ కాలపు మనిషి బోధకుల కంటే సాక్షుల మాటనే ఎక్కువగా వింటాడని ఆరవ పౌలు పోపుగారు 1975లో రాశారు. మన పక్కనే విజయవాడలో, గుణదల కొండ మీద 1924లో ఆర్లాటి గురువులు ప్రతిష్ఠించిన మరియమాత దగ్గరకు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అన్ని మతాలవారూ తలనీలాలిచ్చి, మొక్కులు తీర్చుకుంటారు. వారిని మన వాగ్ధాటి పిలవలేదు. ఊళ్లో మన పొరుగువారు కూడా మన ప్రసంగాలను కాదు, మన డబ్బు ఎటు వెళుతున్నదో, మన బడిలో ఎవరి పిల్లలు తడుస్తున్నారో చూస్తున్నారు. సమయాన్ని, ప్రతిభను పంచడం గురించి మరొకసారి మాట్లాడుకుందాం. ముందు ఈ పళ్లెం సంగతి చక్కబడాలి.

మరుసటి ఏడు రేకులు వేశాం. ఆ అమ్మకు చదువు రాదు కనుక, లెక్కను బోర్డుకు అంటించి ఊరుకోకుండా బలిపూజ అనంతరం పైకి చదివి వినిపించాం. ఆఖరి పంక్తి దాకా కూర్చుని, బయటకు వచ్చాక నా దగ్గరకు వచ్చి, "మేకులకు అంత అయిందా?" అని అడిగింది.

బిల్లు తెచ్చి, ఒక్కొక్క పంక్తీ ఆమెకు చదివి చెప్పాను.